ఓటమినాటి అభిమానము

తెలుగునందు "అభిమానము" అను మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. ఒకరియందు గల ప్రీతి మొదటిది. తన పరువును గూర్చిన పట్టుదల రెండవది. దుర్యోధనుని అభిమానధనుడు అనునపుడు ఈ రెండవ అర్థమే గ్రాహ్యము. సాంఖ్యులు మరికొంత లోతునకు పోయి, "నేను", "నాది" అను భావమునకే అభిమానమని పేరిడి, దానిని అహంకారమునకు లక్షణముగా నిర్ణయించిరి. ఒక జట్టునందు ప్రీతి గలవానిని మనవారు "అభిమాని" యందురు. ఈ ఒక్క పిలుపులో ఆ మూడర్థములును చేరియున్నవి. గెలిచిన దినమున అవి విడివిడిగా కనబడవు. ఏది ప్రీతియో, ఏది పరువో, ఏది "నాది" యను పట్టో ఓడిన దినముననే తేలును.

ఈ సంగతిని పరిశీలించుటకు ఆస్ట్రేలియా దేశపు ఫుట్‌బాల్ ఆట మిక్కిలి అనువైనది. నేడు మెల్బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్ నగరములందు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. మనుమలను చూచుటకై వెళ్లి వచ్చిన పెద్దలు, మెల్బోర్న్ చలికాలమున జనుల మెడలలో రెండు మూడు రంగుల ఉన్ని మఫ్లర్లు చూచియే యుందురు. ఆ రంగులు అలంకారమునకు కావు. ఏ జట్టు వారో చెప్పు గుర్తులు.

ఇది మన పిల్లలెరిగిన ఫుట్‌బాల్ కాదు. 1859వ సంవత్సరమున మెల్బోర్న్ నగరములో దీనికి నియమములు వ్రాయబడినవి. మైదానము కోడిగ్రుడ్డు ఆకారము. బంతియు ఇంచుమించు అట్టిదే. పక్షమునకు 18 మంది ఆడుదురు. బంతిని చేతులతో పట్టవచ్చును, పిడికిలితో కొట్టి తోటివానికి అందింపవచ్చును గాని విసరరాదు. మైదానమున కిరువైపుల నాలుగేసి స్తంభములుండును. కాలితో తన్నిన బంతి నడిమి రెండు స్తంభముల నడుమగా పోయినచో గోలు. దానికి 6 పాయింట్లు. ప్రక్క స్తంభముల సందున పోయినచో "బిహైండ్" అందురు. దానికి 1 పాయింటు. గురి తప్పియు మిక్కిలి తప్పనివానికి ఇంత దయచేయు ఆటలు అరుదు. అయితే ఆ దయయే ఒక్కొక్కప్పుడు ఎదుటివారికి శాపమగును. ఇరుపక్షములు నూరేసి పాయింట్లు చేరుచుండు ఆటలో ఆ ఒక్క పాయింటు చేతనే ఓడుట సంభవించును.

మార్చి నెలలో మొదలైన పోటీలు సెప్టెంబరు చివర మెల్బోర్న్ క్రికెట్ మైదానమున జరుగు అంతిమ పోటీతో ముగియును. ఆ మైదానము మనకు క్రొత్తది కాదు. 2024 డిసెంబరులో విశాఖపట్టణపు యువకుడు నితీష్ కుమార్ రెడ్డి 114 పరుగులు చేసినది అచ్చటనే. ఆనాడు "మనవాడు" అనని తెలుగు ఇల్లు కలదా? ఆ టెస్టులో భారతజట్టు 184 పరుగుల తేడాతో ఓడెను. ఆ ఓటమిని చెప్పునపుడు మాత్రము "మనవాళ్లు" అనుటకు నోరాడక "వాళ్లు ఓడిపోయిరి" అన్నవారు తక్కువ మంది యుండరు.

ఇది మన లోపమే కాదు. 1976లో రాబర్ట్ చియాల్దినియు, ఆయన సహచరులును అమెరికా విశ్వవిద్యాలయములలో విద్యార్థులను పరిశీలించి ఒక పత్రము ప్రకటించిరి. తమ విశ్వవిద్యాలయపు జట్టు గెలిచిన వెనుక దాని గుర్తులు గల దుస్తులు ధరించువారు ఎక్కువగుట వారు గమనించిరి. ఆట యెట్లు జరిగెనని అడిగినపుడు గెలుపును గూర్చి చెప్పువారి నోట "మేము" అను మాట ఎక్కువగా వచ్చెను. ఓటమిని గూర్చి చెప్పునపుడు అది తగ్గెను. సర్వనామము చిన్నమాట. మనస్సు తలుపు తెరచుటయు మూయుటయు ఆ చిన్నమాటతోనే.

ఇక అసలు ప్రస్తావమునకు వత్తము. 2023 సెప్టెంబరు 30వ తేదీన బ్రిస్బేన్ లయన్స్ జట్టు అంతిమ పోటీలో కాలింగ్‌వుడ్ జట్టుచేత 4 పాయింట్ల తేడాతో ఓడెను. ఒక్క గోలునకు తక్కువయైన తేడా! ఆ బాధను దిగమ్రింగుకొని అభిమానులు అయిదు నెలలు వేచియుండిరి. 2024 మార్చి 8వ తేదీన తమ ఊరిలోనే, గాబా యను మైదానమున, క్రొత్త సంవత్సరపు తొలి ఆట. ప్రత్యర్థులు మెల్బోర్న్ నుండి వచ్చిన కార్ల్‌టన్ వారు. బ్రిస్బేన్ జట్టు ఒక దశలో 46 పాయింట్ల ఆధిక్యమున నుండెను. అనగా ఏడు గోలులకు పైమాట. అంతట కార్ల్‌టన్ వారు మెల్లమెల్లగా కలిసికొని, దాటి, ఒక్క పాయింటు తేడాతో గెలిచిరి.

ఆట ముగిసినపుడు గెలిచిన జట్టు పాట వినిపించుట అచ్చటి ఆచారము. స్వంత మైదానమున, స్వంత జనుల నడుమ, పరాయివారి పాట వినుచు ఇంటికి మరలుట ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. అట్టి రాత్రి అభిమానులు ఏమనుకొందురో ఊహించుట కష్టము కాదు. ఏ దేశమైనను అవియే మాటలు. కొందరు తీర్పరులను దూషింతురు. కొందరు శిక్షకుని తప్పు పట్టుదురు. గడచిన యేటి ఓటమి నుండి నేర్చుకొనిన దేమియు లేదని కొందరు. ఈ సంవత్సరము అప్పుడే ముగిసినదని మరికొందరు. ఇరువదికి పైగా ఆటలు మిగిలియుండగా మొదటి ఆటకే సంవత్సరమంతయు ముగిసినదని తీర్పు చెప్పుట వింతయే గాని, ఆశ యెంత పొడవో నిరాశయు అంత పొడవగుట లోకసహజము. ఒక మూల ఏమియు అనక కూర్చున్నవారును కొందరుందురు. వారి సంగతి ఎవరికిని తెలియదు, వారు మాటలాడరు గనుక.

ఇక్కడ ధర్మసందేహము. తాను ఆడని ఆటను గూర్చి, తన కాలు తగులని బంతిని గూర్చి, ఆడినవానిమీద కోపించుటకు అభిమానికి అధికారము కలదా?

లేదని త్రోసివేయుట తేలిక. అయితే ఆస్ట్రేలియాలోని క్లబ్బులు మన సినిమా హాళ్ల వంటివి కావు, టిక్కెట్టు కొని చూచి మరచుటకు. సాధారణ జనులు ఏటేట సభ్యత్వపు రుసుము చెల్లించి వానిని నిలుపుచున్నారు. తాత కట్టిన రంగులే తండ్రియు, తండ్రి కట్టినవే బిడ్డయు కట్టుకొనుట అచ్చట సర్వసాధారణము. 1989లో మెల్బోర్న్ పడమటి భాగపు ఫుట్‌స్క్రే క్లబ్బును వేరొక క్లబ్బుతో కలిపివేయ నిర్ణయింపగా, ఆ పేటజనులు పూనుకొని విరాళములు ప్రోగుచేసి దానిని దక్కించుకొనిరి. అదియే నేటి వెస్ట్రన్ బుల్‌డాగ్స్. 1954 తరువాత 62 సంవత్సరములకు, 2016లో, అది మరల విజేత యయ్యెను. ఇట్లు నిలుపుకొనినవారిని "నీకేమి సంబంధము?" అని అడుగుట అన్యాయము. సంబంధము కలదు. కావుననే దుఃఖమునకును అధికారము కలదు.

దుఃఖమునకు గల అధికారము దూషణకును కలదా యన్నదే ప్రశ్న. ఈ రెంటి నడుమ గీత సన్నమైనది. "మనము ఓడితిమి" అనువాడు దుఃఖించుచున్నాడు; ఆ ఓటమిలో తన పాలు తాను తీసికొనుచున్నాడు. "వారు నన్ను ఓడించిరి" అనువాడు వ్యాజ్యెము వేయుచున్నాడు. మొదటివాడు తాను ఆ జట్టుకు చెందినవాడననుకొనును. రెండవవాడు ఆ జట్టు తనకు చెందినదనుకొనును. చెందిన వస్తువు పనిచేయకపోగా అతనికి కోపము వచ్చినది. చివరి నిమిషమున బంతి జారవిడిచిన ఇరువది యేండ్ల కుర్రవాడు ఆ రాత్రి నిద్రపోయెనా లేదా యన్నది ఇతనికి తోచదు.

అయితే ఈ ఇద్దరును వేర్వేరు మనుష్యులనుకొనుట పొరపాటు. సాధారణముగా వారు ఒక్కని లోపలనే యుందురు. ఆట ముగిసిన గంటలో రెండవవాడు మాటలాడును. తెల్లవారి కాఫీ వేళకు మొదటివాడు లేచును. కొందరిలో మాత్రము మొదటివాడు లేవనే లేవడు.

తరువాత జరిగినది చెప్పవలెను. 2024లో బ్రిస్బేన్ జట్టు మొదటి మూడాటలును ఓడెను. అయినను అది తేరుకొని తుదిదశ పోటీలకు చేరెను. సిడ్నీలో జరిగిన ఉపాంత్యపు పోటీలో గ్రేటర్ వెస్ట్రన్ సిడ్నీ జట్టుపై 44 పాయింట్లు వెనుకబడియుండి 5 పాయింట్లతో గెలిచెను. మార్చిలో తనకు జరిగినదే ఇతరులకు జరిపెను. సెప్టెంబరు 28వ తేదీన సిడ్నీ స్వాన్స్ పై 60 పాయింట్ల ఆధిక్యముతో ఆ సంవత్సరపు విజేత యయ్యెను.

ఇది విన్నవారు "చూచితిరా, ఓర్పు పట్టినవారే ధన్యులు, తొందరపడినవారు సిగ్గుపడవలెను" అని నీతి చెప్పుటకు సిద్ధపడుదురు. ఇంత సులభమైన నీతి నమ్మదగినది కాదు. సెప్టెంబరు గెలుపుచేత మార్చి నాటి కోపము తప్పైనదా? అట్లైన ఆ జట్టు చిట్టచివరి స్థానమున నిలిచియున్న యెడల ఆ కోపము ఒప్పయి యుండెడిదా? మార్చి రాత్రి దూషించినవాడును, దూషింపనివాడును ఇద్దరును సెప్టెంబరును ఎరుగరు. ఫలము తెలియకముందు చేసిన పనిని ఫలము చూచి తూచుట కొలత కాదు, కాకతాళీయము.

ఈ లెక్క తేల్చుటకు సెయింట్ కిల్డా క్లబ్బు నొక్కదానిని చూచిన చాలును. 1873లో పుట్టిన ఆ క్లబ్బు ప్రధాన పోటీలలో విజేత యైనది ఒక్కసారి, 1966లో. అదియు కాలింగ్‌వుడ్ పై ఒక్క పాయింటుతో. 2009లో అంతిమ పోటీ ఓడెను. 2010లో అంతిమ పోటీ సమమై, మరల ఆడింపగా ఓడెను. ఆ కండువా కట్టినవారి ఓర్పునకు సెప్టెంబరు బహుమానమేదియు రాలేదు. అయినను ప్రతి మార్చియు వారు వచ్చుచునే యున్నారు. వారి ప్రీతి బ్రిస్బేన్ వారి ప్రీతికంటె తక్కువదని ఎవరనగలరు? తూచి చూచిన ఎక్కువే కావచ్చును.

తొలి ఆట ఓడుట ఎంతటి కష్టమో కొలుచుటకు మరియొక కథ కలదు. బ్రిస్బేన్ చొక్కాపై నున్న సింహము ఆ ఊరిది కాదు. అది మెల్బోర్న్ నడిబొడ్డుననున్న ఫిట్జ్‌రాయ్ క్లబ్బుది. 1883లో స్థాపింపబడిన ఆ క్లబ్బు ఎనిమిదిమార్లు విజేత యయ్యెను, కడపటిది 1944లో. తరువాత ధనము లేక, గెలుపు లేక క్షీణించి, 1996లో బ్రిస్బేన్ బేర్స్ అను క్లబ్బుతో కలుపబడెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన, మెల్బోర్న్ కు బహుదూరమున నున్న పెర్త్ నగరములో ఫ్రీమాంటిల్ జట్టుతో తన చివరి ఆట ఆడి 86 పాయింట్ల తేడాతో ఓడెను. ఆనాడు కన్నీరు పెట్టినవారు ఏడ్చినది 86 పాయింట్లకు కాదు. మరుసటి మార్చిలో ఓడుటకు కూడ తమకొక జట్టు ఉండదని ఏడ్చిరి.

ఆ వెనుక వారిలో కొందరు బ్రిస్బేన్ జట్టును తమదిగా చేసికొనిరి. సింహము అదే, పాట వరుసయు అదే కదా యని. కొందరు ఫుట్‌బాల్ చూచుటయే మానిరి. ఇందెవరిది నిజమైన అభిమానమని తీర్పు చెప్పబూనుట సాహసము. చనిపోయిన పెద్దలపేరు మనుమనికి పెట్టుకొని ఓదార్పు పొందువారు కలరు. ఆ పేరు మరల ఇంట వినబడుటయే ఓర్వలేనివారును కలరు. ఇద్దరియందును ప్రేమయే యున్నది.

కాని ఫిట్జ్‌రాయ్ ముసలివారిలో 2024 మార్చి 8వ తేదీ రాత్రి టెలివిజన్ ముందు కూర్చున్నవారెవరైన నున్నచో, ఆ ఒక్క పాయింటు ఓటమి వారికి వేరుగ తోచియుండును. తమ సింహము ఓడినది, నిజమే. ఓడుటకు అది మైదానమున నున్నది.

బ్రిస్బేన్ జట్టు తన రెండవ ఆటకు పెర్త్ నగరము వెళ్లి, ఫ్రీమాంటిల్ జట్టుతోనే ఆడి, మరల ఓడెను. ఇరువది యెనిమిదేండ్ల క్రిందట ఆ ఊరిలో, ఆ జట్టు చేతిలోనే, ఫిట్జ్‌రాయ్ జట్టు కడసారి ఓడియుండెను. ఈసారి మూడవ ఆట గాబా మైదానమున జరుగవలసియుండెను. జనులు టిక్కెట్లు కొనుక్కొనిరి.