ఎందుకని ఎవరిని అడుగుతాం?

సాహిత్య విమర్శ తరగతిలో మనోవిశ్లేషణ పాఠాన్ని ఎప్పుడూ ఫ్రాయిడ్ 1920లో ప్రచురించిన ఒక కేసుతో మొదలుపెట్టేదాన్ని. వియన్నాలో 18 ఏళ్ల అమ్మాయి. తనకన్నా సుమారు పదేళ్లు పెద్దదైన ఒక స్త్రీని ప్రేమించింది. ఇద్దరూ కలిసి వెళ్తుంటే తండ్రి ఎదురుపడి కోపంగా చూశాడు. ఆ వెంటనే ఆమె గోడ మీంచి రైలు పట్టాల వైపు దూకేసింది. బతికింది. తర్వాత ఇంట్లోవాళ్లు ఫ్రాయిడ్‌కి చూపించారు. జబ్బేమీ లేదని ఆయనే రాశాడు. అయినా తమ్ముడు పుట్టడం, తండ్రి మీద కోపం అంటూ కారణాలు అల్లుకుంటూ పోయాడు.

ఆ అల్లికను నేనెంతో మురిపెంగా విప్పి చూపేదాన్ని. ఓ రోజు వెనక బెంచీలోంచి ఒక విద్యార్థిని అడిగింది: "ఆ అమ్మాయి ఏమనుకుంది మేడమ్?"

తడబడ్డాను. కేసులో ఆమెకి పేరే లేదు. ఇంటికెళ్లి వెతికాను. ఆమె 1999 దాకా బతికింది. ముసలితనంలో తన కథను ఇద్దరు స్త్రీలకు చెప్పుకుంది. 2000లో అది మారుపేరుతో జర్మన్‌లో పుస్తకమైంది. స్త్రీవాదినని చెప్పుకునే నేను ఇన్నేళ్లూ డాక్టరు మాటే విన్నాను.

ముప్ఫై దాటిన నన్ను "పెళ్లెందుకు చేసుకోలేదు?" అని అడగనివాళ్లు లేరు. మా చెల్లెల్ని "ఎందుకు చేసుకున్నావు?" అని ఒక్కరూ అడగలేదు. ప్రశ్నలో తప్పు లేదు, కొందరినే అడగడంలో ఉంది. ఇది ఫ్రాయిడ్‌కీ తెలుసు. మగవాడికి ఆడవాళ్ల మీదే ఆకర్షణ కలగడానికీ వివరణ కావాలని 1915లో ఒక ఫుట్‌నోట్‌లో రాశాడు. ఆ మాట పేజీ అడుగునే ఉండిపోయింది.

2019 నవంబరులో పారిస్‌లో ట్రాన్స్ తత్వవేత్త పాల్ ప్రెసియాడో 3,500 మంది మనోవిశ్లేషకుల ముందు నిలబడి, మమ్మల్ని రోగులుగా చూడడం మానమన్నాడు. సభలో గోల. ప్రసంగం పూర్తికాలేదు. వినడమే వృత్తిగా ఉన్నవాళ్ల సభ అది!

అలాగని మనోవిశ్లేషణను వదులుకోలేను. మన కోరికలు మనకే పూర్తిగా తెలియవని నాకు నేర్పింది అదే. అయితే ఆ తెలియనితనం సోఫా మీద పడుకున్నవారికి ఎంతో, తల వెనక కుర్చీలో కూర్చున్నవారికీ అంతే.

ఈ ఏడు పాఠం తిరగేశాను. ముందు ఆమె జీవితం, తర్వాత ఫ్రాయిడ్. ఆ రోజు ఆ విద్యార్థిని ఆ ప్రశ్న ఎందుకు వేసిందో నాకు తెలియదు. నేను అడగలేదు.