కెమెరా కంట పడని బాకీ

మా అక్క కొడుకు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఒక శుక్రవారం అతను ఫోన్ చేసి, సలాం చెప్పి, "మామూ, ఒక మస్‌అలా అడగాలి" అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం వానలో కారు తీసుకుని నగరం నడిబొడ్డుకు వెళ్లాడట. అక్కడికి వాహనంతో వెళితే రద్దీ రుసుము కట్టాలి. ఆ సంగతే మరచిపోయాడు. "నంబరు ప్లేటు నిండా బురద, కెమెరాకు అంది ఉండదు, ఊరుకో అంటున్నాడు నా గదిలో ఉండే స్నేహితుడు. ఈ రాత్రితో గడువు అయిపోతుంది. ఏం చెయ్యమంటారు?"

లండన్‌లో ఈ రుసుము 2003 ఫిబ్రవరి 17న మొదలైంది. అప్పట్లో రోజుకు 5 పౌండ్లు, 2026 జనవరి నుంచి 18 పౌండ్లు. దారిలో టోల్‌గేటు ఉండదు, ఆపి అడిగేవాడూ ఉండడు. కెమెరాలు నంబరు చదువుతాయి, వెళ్లినవాడే గుర్తుపెట్టుకుని కట్టుకోవాలి. ఆ రోజు కట్టకపోతే, తర్వాతి మూడో రోజు అర్ధరాత్రి లోపు 21 పౌండ్లు కట్టవచ్చు. అదీ దాటితే జరిమానా 180 పౌండ్లు, 14 రోజుల్లో చెల్లిస్తే సగం.

ఆ స్నేహితుడు చదువుకున్నవాడే. అతని వాదన ఏమిటంటే, బాటసారులను ఆపి గుంజే సుంకాన్ని మన ధర్మశాస్త్రంలో 'మక్స్' అంటారు, హదీసులు దాన్ని తీవ్రంగా ఖండించాయి, కాబట్టి ఇది ఎగ్గొడితే పాపం లేదు. పైగా అమెరికా రాయబార కార్యాలయమే కట్టడం లేదట! ఆ మాట నిజమే. ఇది పన్ను కాబట్టి దౌత్య కార్యాలయాలకు వర్తించదని వారంటారు, పన్ను కాదు, సేవకు తీసుకునే రుసుమని లండన్ రవాణా సంస్థ అంటుంది. కానీ మా అబ్బాయి రాయబారి కాదు కదా!

మక్స్ సంగతి ఆలోచించవలసిందే. బలవంతుడు తన జేబు కోసం దారికాచి వసూలు చేసేది వేరు. ఇరుకు వీధిలో ఒక కారు ఆక్రమించే చోటు వెనక ఉన్న అంబులెన్సుది కూడా. ఆ చోటుకు వెల కట్టి, వచ్చిన సొమ్మును రవాణాకే వెచ్చించడం వేరు. దారిలోని ముల్లును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని ప్రవక్త (స) నేర్పారు. ముల్లు లాగానే రద్దీ కూడా దారిన పోయేవారికి హానే. అయితే ధనికుడికీ, రోజుకూలికి బండి నడిపేవాడికీ అదే 18 పౌండ్లు అనడంలో న్యాయం తక్కువే. ఆ బాధ నిజమైనది, దాన్ని పాలకుల ముందు గట్టిగా చెప్పాలి. బురద వెనక దాక్కుంటే ఆ మాట ఎవరికి వినిపిస్తుంది?

అసలు చిక్కు ఇంకొకటి. బాకీ పుట్టించింది కెమెరానా, ప్రయాణమా? జరిమానా నోటీసుతో పుడుతుంది, నోటీసు రాకపోతే జరిమానా లేదు. రుసుము మాత్రం చక్రం ఆ గీత దాటినప్పుడే పుట్టింది. వీసా తీసుకుని ఒక దేశంలో అడుగుపెట్టినవాడు అక్కడి చట్టానికి మాట ఇచ్చినట్టే. ఒప్పందాలు నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతు ఆదేశిస్తోంది. ఎదుటివాడి మతమేమిటన్న షరతు అందులో లేదు.

తప్పుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు. రైలెక్కి వెళ్లండి, పని ఉన్న రోజున సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, డబ్బు మిగుల్చుకోండి. ఎవరూ తప్పుపట్టరు.

మన హైదరాబాదులో మాస్కు తగిలించిన నంబరు ప్లేట్లు ఎన్ని చూడలేదు? 2022లోనూ, 2023 డిసెంబరులోనూ చలాన్లకు పెద్ద రాయితీ ఇచ్చారు. మళ్లీ ఇస్తారులే అని కూర్చున్నవారున్నారు. ఇంకొందరు మరొకరి నంబరు వేసుకుని తిరుగుతారు. అప్పుడు నోటీసు ఏ పాపమూ ఎరుగని ఇంటికి వెళుతుంది. అది సాటి మనిషి హక్కు, అతనికి తిరిగి ఇవ్వకుండా తౌబా ఒక్కటే చాలదు.

ఇదంతా విని మా వాడు, "మరి గడువు దాటాక గుర్తొచ్చి ఉంటే?" అన్నాడు. ఆ రుసుము అప్పుడు తీసుకోరు. హక్కుదారుడికి చేర్చే దారి లేని సొమ్మును పుణ్యం ఆశించకుండా పేదలకిచ్చేయాలని ధర్మపండితులు చెబుతారు, అలాగే చెయ్యమన్నాను. "అంత దూరం ఎందుకు మామూ, ఇంకా నలభై నిమిషాలుంది" అని ఫోన్ పెట్టేశాడు.