గాజును తట్టే చేయి

దేవుడు మనిషికి ప్రాణులపై ఏలుబడి ఇచ్చాడు. ఆ ఏలుబడికి హద్దు ఎక్కడ? ఈ ప్రశ్న సెలవుల్లో పిల్లలను తీసుకుని అక్వేరియం చూడబోయే ప్రతి కుటుంబానికీ ఎదురవుతుంది.

మన గూడూరు వారికి చేప కొత్తేమీ కాదు. తూర్పున సముద్రం, దక్షిణాన పులికాట్ సరస్సు, ఊళ్లవెంట రొయ్యల గుంటలు. చేపను మనం తట్టలో, తక్కెడలో, పులుసులో చూస్తాం. కొన్నేళ్ల క్రితం ప్రయాణంలో విశాఖపట్నం బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి వెళ్లాను. అక్కడ ఒక పిల్లవాడు, "నాన్నా, ఇది తినే చేపేనా?" అని అడిగాడు. అడగదగిన ప్రశ్నే. అయితే అక్కడితో ఆగిపోకూడదు.

ఆదికాండములో ఐదవ దినమున దేవుడు జలచరాలను సృజించి, అవి మంచివని చూచి, ఆశీర్వదించాడు. అప్పటికి మానవుడు ఇంకా లేడు. కనుక చేప విలువ మన పులుసు కుండతో మొదలు కాలేదు. ప్రాణులకు వాటి సొంత విలువ ఉన్నదని దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖలో నొక్కి చెప్పారు.

చేపకు బాధ తెలుసా? 17వ శతాబ్దపు తత్త్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చాడు. 2003లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపల పెదవుల్లోకి ఆమ్లం ఎక్కించి చూశారు. అవి మేత మాని, పెదవులను గులకరాళ్లకు రుద్దుకున్నాయి. అది మనం పడే బాధవంటిదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. అనుమానం ఉన్నచోట దయవైపు మొగ్గడమే వివేకం.

అలాగని అక్వేరియంలన్నీ మూయాలా? అలా అనలేము. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరిచిన నాటినుండి, సముద్రంలోకి దిగలేని సామాన్యులు ఎందరో ఆ సృష్టి అందాన్ని చూడగలిగారు. ఎన్నడూ చూడనిదాన్ని కాపాడాలని ఎవరికి తోస్తుంది? కాని ఆ అందం మనదాకా ఎలా వచ్చిందో కూడా అడగాలి. మంచినీటి రంగుచేపలు చాలావరకు పెంచినవే. సముద్రపువి ఎక్కువగా పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి చోట్ల సయనైడుతో మత్తెక్కించి పట్టడం కూడా జరిగింది. ఆ విషానికి పగడాలూ చస్తాయి. పట్టిన తీరు, తొట్టి వైశాల్యం, నీటి శుభ్రత, ఇవన్నీ నీతికి సంబంధించిన విషయాలే.

మన చేతిలో ఉన్న విషయం మరొకటి ఉంది. చాలామంది అద్దాన్ని వేళ్లతో టకటకా కొడతారు. పెద్దలే ముందు కొట్టి, "అదిగో, ఇటు తిరిగింది!" అని పిల్లలకు చూపిస్తారు. చేప ఒంటి పక్కగా పొడవునా ఒక సన్నని గీత ఉంటుంది. నీటిలో ఏ కదలిక వచ్చినా, ఏ అదురు వచ్చినా దానితో పసిగడుతుంది. మనం ఆటగా కొట్టిన దెబ్బ, పారిపోవడానికి చోటులేని ఆ ప్రాణికి బెదురు. చూసి సంతోషించడం చాలక, అది మన మాట వినాలని పట్టుబట్టినప్పుడు ఏలుబడి దౌర్జన్యమవుతుంది.

జంతువులపట్ల క్రూరత్వం అలవడినవాడు మనుషులపట్ల కూడా క్రూరుడు కాగలడని పునీత తోమాసు అక్వినాసువారు హెచ్చరించారు. తప్పించుకుపోలేనివారు మన ఇళ్లలోనూ ఉన్నారు. మంచాన పడిన అవ్వ, ఇంట్లో పనిచేసే అమ్మాయి, మాట పూర్తిగా రాని పసిబిడ్డ. వారిని విసిగించినా, ఆటపట్టించినా అడ్డుకునేవారు ఉండరు.

తల్లిదండ్రులారా! ఈసారి పిల్లలతో అక్వేరియానికి వెళ్లినప్పుడు, అద్దంమీదికి లేచిన చేతిని మెల్లగా దించండి. కాసేపు ఊరకే నిలబడి చూడనివ్వండి. ఇంటికి వచ్చాక అవ్వ గదిలోకి అడుగుపెట్టేటప్పుడు ఆ నెమ్మది వారికి పనికొస్తుంది.