కడిగేముందు ఒక్కమాట

అమ్మలూ,

కొట్టు ప్రారంభానికి వచ్చి తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయాను గానీ, చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. శుభమా అని రిబ్బను కత్తిరిస్తుంటే వరద ఊసెత్తితే మీ అమ్మ నన్ను బతకనిచ్చేదా? అందుకే ఈ ఉత్తరం. నేను వకీలును కాను. నలభై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా కట్టలు మోసినవాణ్ణి. కేసులు ఎక్కడ ఓడిపోతాయో మోసినవాడికి తెలుస్తుంది.

నీ కొట్టు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో, అదీ కింది అంతస్తులో. 2024 సెప్టెంబరు 1న అక్కడ ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. బుడమేరుకు గండ్లు పడ్డాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే ఇటు నీళ్లు పోవడానికి దారేది?

నీళ్లు తీశాక అందరూ ముందు చీపురు పట్టారు. నాకు తెలిసిన బట్టల కొట్టాయన ఒకడు బురద చీరలన్నీ ట్రాక్టరుకెత్తించి, నేల కడిగించి, పసుపునీళ్లు చల్లించాడు. తర్వాత బీమా సర్వేయరు వచ్చి “సరుకేదండీ?” అన్నాడు. ఏం చూపిస్తాడు పాపం, మెరిసే నేల చూపించాడు. శుచీ శుభ్రతా దేవుడికి నచ్చుతాయి గానీ సర్వేయరుకు కాదమ్మా. కాబట్టి మళ్లీ వరదొస్తే చీపురుకు ముందు ఫోను పట్టుకో. గోడ మీద నీటి గీత కనపడేలా వీడియో తియ్యి. పాడైన సరుకు రకాలవారీగా రాయి. బీమా కంపెనీకి ఆ రోజే మెయిలు పెట్టు. కబురందిన 24 గంటల్లో సర్వేయరును వెయ్యాలని, ఆయన రిపోర్టు 15 రోజుల్లో రావాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కంపెనీలకు చెప్పింది. నువ్వు కబురు పెడితే గదా ఆ లెక్క మొదలయ్యేది!

అసలు పాలసీ చదివావా? లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లే కట్టించారు, ఇంకేం భయమని కూర్చున్నావు. అందులో ఏ చిరునామా రాశారో, ఆ చిరునామాలో ఉన్న సరుకుకే దిక్కు. పండగ సరుకు పక్కసందులో గదిలో పెట్టావనుకో, అది కూడా రాయించాలి. ఇక బీమా మొత్తం సంగతి. పది లక్షల సరుకుంచి, ప్రీమియం మిగుల్తుందని ఆరు లక్షలకే బీమా చేయించావనుకో. ఐదు లక్షల నష్టానికి ఐదూ రావు, మూడే వస్తాయి. తక్కువకు చేయించిన పాలు నీ నెత్తినే పడుతుంది. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో తేడా 15 శాతం లోపుంటే పట్టించుకోరు. దాటితే ఇదే కోత. దసరాకు ముందు కొట్లో ఎంత సరుకుంటుందో దాన్నిబట్టి చేయించు, ఆషాఢంలో లెక్కపెట్టి కాదు.

పాడైన సరుకు మీద వాడుకున్న జీఎస్‌టీ క్రెడిట్ వెనక్కి కట్టాల్సి వస్తుంది. అది కూడా క్లెయిములో అడగమని మీ ఆడిటరుతో చెప్పు.

ఇంకోటి, జనం నీకు కుట్టడానికి ఇచ్చిన జాకెట్లు, పట్టుచీరలు. అవి నీవి కావు, నీ దగ్గరున్నాయంతే. మామూలు మనిషి తన సొమ్మును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటే, వరదకు పోయినవాటికి నీ పూచీ లేదని కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. అలాగని ముందురోజే హెచ్చరిక వచ్చినా కింది అరలో వదిలేస్తే? అక్కడ చట్టం నీ పక్షాన నిలబడదు. హెచ్చరిక వినగానే ముందు పైకెక్కించాల్సింది వాళ్ల మూటలే.

కంపెనీ తక్కువిచ్చి “పూర్తిగా ముట్టింది” అనే కాగితం మీద సంతకం పెట్టమంటుంది. అద్దె కట్టాలి, కుట్టుపనివాళ్లకు జీతాలివ్వాలి, చెయ్యి ఆగదు, నాకు తెలుసు. చాలామంది కేసులు ఆ సంతకం దగ్గరే పోతాయి. పెట్టక తప్పకపోతే, ఒప్పుకోకుండా తీసుకుంటున్నానని రాతలో పంపు. ముందు కంపెనీకే ఫిర్యాదు చెయ్యి. కాదన్నా, నెలరోజులు పలక్కపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఒక్కరే యజమానిగా ఉన్న కొట్టువాళ్లు కూడా వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. 50 లక్షల దాకా ఇప్పించగలడు. కాకపోతే ఏడాది లోపలే వెళ్లాలి.

కోర్టుదాకా వెళ్లాల్సొచ్చి వకీలు కావాలంటే డబ్బెక్కడిది అంటావేమో. 1987 నాటి న్యాయసేవల చట్టంలో 12వ సెక్షను ఉంది. వరద బాధితులకు ఉచితంగా వకీలును ఇవ్వాలని అందులోనే రాసి ఉంది. ఆడవాళ్లకైతే వరద రాకపోయినా ఆ హక్కుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంటుంది, లేదా 15100కి ఫోన్ చెయ్యి. అక్కడ అడగడానికి మొహమాటపడి వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాళ్లను చూశాను. మనవాళ్లకు ఈ బిడియమెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆదివారం వస్తున్నాను. పాలసీ, అద్దె అగ్రిమెంటు, కొనుగోలు బిల్లులు తీసి బల్ల మీద పెట్టు. అన్నీ ఫొటోలు తీసి నాకూ పంపు. మేం మూడో అంతస్తులో ఉంటాం గదా, వరదొచ్చినా నా దగ్గరివి తడవవు. మీ అమ్మను పెసరట్లు వెయ్యమను. భూతద్దం నేనే తెచ్చుకుంటాను.

మీ మావయ్య