ఎవరి అడుగులు లెక్కకొస్తాయి?

నా ఆరోగ్య బీమా కంపెనీ నాకో యాప్ ఇచ్చింది. రోజుకు పదివేల అడుగులు నడిస్తే పాయింట్లు పడతాయి. అవి పోగయితే వచ్చే ఏడు ప్రీమియం కొంత తగ్గుతుంది. సాయంత్రం వానొచ్చి పార్కుకు వెళ్ళలేకపోతే, లెక్క పూర్తి చేయడానికి మా అపార్ట్‌మెంట్ వరండాలోనే అటూ ఇటూ తిరుగుతుంటాను. అలా తిరుగుతున్న ఒకరోజు మెట్లు తుడిచే ఆవిడ చీపురు ఆపి, "ఏం పోగొట్టుకున్నారమ్మా, ఇందాకట్నుంచీ వెతుకుతున్నారు?" అని అడిగింది. సంగతి చెప్పాను. "నడిస్తే డబ్బులిస్తారా!" అని పడీపడీ నవ్వింది.

మాది ఐదంతస్తుల బిల్డింగు. ఇలాంటివి ఆవిడ రోజుకు మూడు తుడుస్తుంది. ఆ అడుగులు ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టే వాచీ ఆవిడకు లేదు, నాలాంటి పాలసీ కూడా లేదు. తెల్ల కార్డు ఉంది, దాని మీద ఆరోగ్యశ్రీ ఉంది. ఆ కార్డుకు ఆవిడ నడకతో పనిలేదు. ఆవిడ పడిపోయిన రోజున మాత్రమే దానికి ఆవిడ కనిపిస్తుంది.

ఇందులో నన్నెవరూ మోసం చేయలేదు, ఆవిడనూ మోసం చేయలేదు. కంపెనీ నాతో రాసుకున్న ఒప్పందం ప్రకారమే నడుచుకుంటోంది. ప్రభుత్వం ఆవిడకు ఇస్తానన్నది ఇస్తోంది. అయినా ఆ నవ్వు నన్ను వదల్లేదు. జబ్బు పడ్డాక డబ్బు కట్టేవాళ్ళకి, జబ్బు పడకముందు మనిషి మీద, ఆ మనిషి బతికే చోటు మీద ఏమైనా బాధ్యత ఉంటుందా? ఉంటే అది దయా, బాకీనా?

బీమా అనే మాట పారశీకం నుంచి వచ్చింది గానీ ఆ పని మనకు కొత్తది కాదు. ఎండాకాలంలో ఒక పాక అంటుకుంటే ఊళ్ళోవాళ్ళు తలా కొన్ని తాటాకులు, తలా నాలుగు వెదుళ్ళు ఇచ్చి వారంలో మళ్ళీ లేపేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. రేపు ఎవరి పాక కాలుతుందో ఎవరికీ తెలీదు. ఆ తెలియకపోవడమే అందరినీ కలిపింది. ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పేది. వడగాలులు మొదలయ్యాక పొద్దెక్కకముందే వంట ముగించి పొయ్యి ఆర్పేయాలని కట్టుబాటు ఉండేదట. ఎవరైనా తప్పితే పక్కింటివాళ్ళే వచ్చి తిట్టేవాళ్ళట. తాటాకులు ఇవ్వాల్సినవాళ్ళూ, పొయ్యి ఆర్పించేవాళ్ళూ ఒకళ్ళే కాబట్టి ఈ రెండు పనులూ ఒకటిగా ఉన్నాయి.

అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వచ్చిన తన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఇలాంటి తెలియనితనాన్నే న్యాయానికి పునాదిగా పెట్టుకున్నాడు. నువ్వు ధనవంతుడివో పేదవాడివో, బలవంతుడివో రోగిష్టివో తెలియని ఒక తెర వెనక నిలబడి నియమాలు రాయమంటే, అవి అందరికీ న్యాయంగా ఉంటాయన్నది ఆయన ఊహ. బీమా ఆ తెర నీడలో బతికే వ్యాపారం. కానీ వ్యాపారం పెరిగేకొద్దీ తెర పలచబడుతుంది. ఏ వయసువాళ్ళకు, ఏ పనివాళ్ళకు, ఏ ఊరివాళ్ళకు ఏ జబ్బు వస్తుందో చెప్పే లెక్కలు కంపెనీ దగ్గర పోగవుతాయి. ఎవరి పాక కాలబోతోందో దానికి ముందే కొంత తెలుస్తుంది.

అలా తెలిసినప్పుడు చేయగలిగినవి రెండు. కాలబోయే పాకను జాబితాలోంచి తీసేయడం ఒకటి. వెళ్ళి నిప్పు ఆర్పడం రెండోది. ప్రీమియం పెంచడం, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమనడం, అసలు పాలసీయే ఇవ్వకపోవడం, ఇవన్నీ మొదటి దారిలోవి. నా యాప్ పైకి రెండో దారిలా కనిపిస్తుంది గానీ, నడవడానికి తీరికా, పార్కూ, వాచీ ఉన్నవాళ్ళను ఏరి వాళ్ళకే తగ్గింపు ఇస్తుంది. ఆరోగ్యంగా ఉండే వీలు ముందే ఉన్నవాడికి ఆరోగ్యంగా ఉన్నందుకు బహుమతి అన్నమాట.

దీన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. మొదట తీసుకున్న మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మూడూ కరువుకీ వలసకీ పేరుపడ్డవే. అప్పట్లో ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ట్రస్టు కిందకు వచ్చింది. అమ్ముకోవడానికి నగలు కూడా లేని కుటుంబాల్లో గుండె ఆపరేషన్లు జరిగాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటలు. చూస్తే కోనసీమ గుర్తొస్తుంది. ఆ తోటల నీడలో ఏళ్ళ తరబడి మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. చాలామందిలో షుగరూ బీపీ లాంటి మామూలు కారణాలు కనపడవు. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేస్తూ నీళ్ళు తాగకపోవడం అన్నారు, ఒళ్ళునొప్పుల మాత్రలన్నారు. ఇదీ అని ఒక్క కారణం తేలలేదు.

డయాలసిస్ ఆరోగ్యశ్రీ కిందకు వచ్చింది. రోగులకు నెలకు పదివేల రూపాయల పింఛను కూడా వచ్చింది. పెద్దాసుపత్రి కావాలంటే మాత్రం విశాఖే దిక్కు. ఇచ్ఛాపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ఆర్వో ప్లాంట్లు పెట్టారు. చివరకు 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దానితోపాటే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్ళకు పైపుల్లో నీళ్ళిచ్చే పథకం, సుమారు 700 కోట్లతో. కార్డు వచ్చిన ఏడుకీ నదినీళ్ళ పైపు వచ్చిన ఏడుకీ మధ్య పదహారేళ్ళు.

ఆ పదహారేళ్ళూ ఒక చోట మాత్రం అంతా రాసిపెట్టి ఉంది: బిల్లుల్లో. ప్రతి డయాలసిస్‌కూ ఒక పేరు, ఒక వయసు, ఒక ఊరు. ఏ ఊళ్ళో ఏ వయసువాళ్ళు ఆ కుర్చీలోకి వస్తున్నారో డబ్బు కట్టేవాళ్ళకు తెలిసినంత వరుసగా ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లో ఒక తేడా చెప్పాడు. 'ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకొచ్చింది' అన్నది ఒక ప్రశ్న. 'ఈ జనంలో ఈ జబ్బు ఇంత ఎక్కువగా ఎందుకుంది' అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు డాక్టరు గదిలో దొరకొచ్చు. రెండోది డాక్టరు గదిలోంచి కనపడదు. బిల్లులన్నీ ఒకచోట చేరే బల్ల మీంచి కనపడుతుంది. ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్ళు మంజూరు ముద్ర ఒక్కటే వేసి ఊరుకుంటే సరిపోతుందా అన్నదే నా ప్రశ్న.

ప్రైవేటు కంపెనీకి ఒక సాకు ఉంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పాలసీ ఏడాది ఒప్పందం. ఇవాళ నా బీపీ అదుపులో పెట్టడానికి ఖర్చు పెడితే, తప్పిపోయే పక్షవాతం పదేళ్ళ తర్వాతది. అప్పటికి నేను ఇంకో కంపెనీకి మారిపోయి ఉంటాను. విత్తనం ఒకడిదీ పంట ఇంకొకడిదీ అయితే ఎవడు నాటుతాడు? ట్రస్టుకు మాత్రం ఈ సాకు లేదు. ఉద్దానం మనిషి పాలసీ మార్చుకుని ఎక్కడికీ పోడు. ఈ ఏడు కడుపులో ఉన్న బిడ్డ నలభై ఏళ్ళకు కుర్చీలో కూర్చుంటే, ఆ బిల్లూ ఆ ఖజానాకే వస్తుంది. మా నాయనమ్మ ఊరి లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. తాటాకులు ఎలాగూ ఇవ్వాల్సింది నువ్వే అయినప్పుడు, పొయ్యి సంగతి నాకెందుకు అనే హక్కు నీకుండదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నీళ్ళ పైపులు వేయడం బీమా పనా? ఈ రాత్రి డయాలసిస్ అందకపోతే చనిపోయే మనిషి ఎదురుగా ఉండగా, ఎవరో ఎప్పుడో పడబోయే జబ్బు కోసం ఆ డబ్బు మళ్ళిస్తామా? మళ్ళించకూడదు. ఎదురుగా ఉన్న మనిషిని లెక్కల కోసం వదిలేసే నీతి నాకొద్దు. కానీ ఈ ప్రశ్నలో ఒక మెలిక ఉంది. ఆ మనిషినీ పైపునూ ఒకే సంచీలోంచి తీసి ఎదురెదురుగా నిలబెట్టినప్పుడే అది బిగుసుకుంటుంది. బీమా సంస్థ పైపు వేయనక్కర్లేదు. తన దగ్గరున్న లెక్కను పేర్లు తీసేసి, ఊరు ఊరుగా, ఏటేటా బయట పెడితే చాలు, పైపు ఎక్కడ వేయాలో పంచాయతీకీ కలెక్టరుకీ తెలుస్తుంది. క్రియాటినిన్ పరీక్షకూ, ఆసుపత్రికి వెళ్ళే బస్సు చార్జీకీ, ఇల్లిల్లూ తిరిగి బీపీ చూసే ఆశా కార్యకర్తకూ డబ్బు కట్టినా చాలు. మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా కూలీలకు ఇలాంటి అంతుచిక్కని కిడ్నీ జబ్బే వచ్చింది. అక్కడ కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా నీళ్ళు, విశ్రాంతి, నీడ అనే మూడింటినీ పని నిబంధనలుగా పెట్టి చూశారు. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు.

డబ్బు ఆపరేషన్ దగ్గరే పారితే ఏమవుతుందో మనం చూశాం. పేద ఆడవాళ్ళకు అక్కర్లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు ఇక్కడా వచ్చాయి, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలోనూ వచ్చాయి. చివరకు మన దగ్గర ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. కోతకు డబ్బుండి మాటకూ మాత్రకూ లేకపోతే, కోత పెరుగుతుంది.

ఇంకో భయం ఉంది, అది నాది కూడా. బీమావాళ్ళు మన ఆరోగ్యం మీద 'శ్రద్ధ' పెట్టడం మొదలెడితే అది నిఘాగా మారదా? మారుతుంది, నా వాచీయే అందుకు సాక్ష్యం. అందుకే, పోగైన లెక్క ఊరికి వసతి తేవడానికే తప్ప మనిషికి రేటు కట్టడానికి పనికిరాకూడదు. ఈ గీత చట్టంలో ఉండాలి. మంచి మనసుకు వదిలేస్తే చెరిగిపోతుంది.

మొన్న ఆవిడ మెట్ల మీద కూలబడింది. కళ్ళు తిరుగుతున్నాయంది. మా ఇంట్లో మిషన్ తెచ్చి బీపీ చూస్తే పైది నూట డెబ్బై దాటింది. బస్తీ దవాఖానాలో మందు ఉచితంగా ఇస్తారు గానీ, అది తెరిచి ఉండే వేళల్లో ఆవిడ మూడో బిల్డింగు మెట్ల మీద ఉంటుంది. "కార్డుంది కదమ్మా, ఏమన్నా అయితే అది చూసుకుంటది" అంది. నిజమే, చూసుకుంటుంది. నరం చిట్లితే లక్షలు కడుతుంది. రోజుకు టీ ఖరీదు కూడా లేని మాత్ర ఆవిడ చేతికి అందిందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

మర్నాడు ఒక పూట సెలవిమ్మని మా అసోసియేషన్‌తో మాట్లాడి ఆవిడను దవాఖానాకు పంపాను. ఆ సాయంత్రం మెట్లు ఎవరూ తుడవలేదు. నేను మాత్రం వరండాలో నా పదివేలూ పూర్తి చేశాను, పాయింట్లు కూడా పడ్డాయి.