రాజధానిలో దుకాణం

మా జహీరాబాద్ నుంచి ముప్ఫై కిలోమీటర్లు పోతే బీదర్ వస్తుంది. ఇప్పుడది కర్ణాటకలో ఒక జిల్లా కేంద్రం. 15వ శతాబ్దంలో మాత్రం బహమనీల రాజధాని. అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వ్యాపారి 1470 ప్రాంతంలో ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని అక్కడికొచ్చాడు, అమ్ముకుందామని. ఆయన రాసుకున్న యాత్రా కథనంలో నాకు నచ్చింది కోట వర్ణన కాదు, సుల్తాను ఊరేగింపూ కాదు. ఆయన ఫిర్యాదు. ఇక్కడ సరుకు బోలెడు దొరుకుతుందని ఎవరో చెప్పి పంపించారట. తీరా వచ్చి చూస్తే తన దేశానికి పనికొచ్చేది ఏమీ లేదు, మిరియాలూ రంగులూ చవకే గానీ సుంకాలు ఎక్కువ అని వాపోతాడు.

అదే కాలంలో, అదే ఊళ్లో ఇంకో వ్యాపారి ఉన్నాడు. మహమూద్ గవాన్. పర్షియా నుంచి వ్యాపారానికి వచ్చి ప్రధానమంత్రి అయ్యాడు, 1472లో మదరసా కట్టించాడు, 1481లో సుల్తాను ఆజ్ఞతోనే తల పోగొట్టుకున్నాడు. రాజధానిలో కంపెనీ నడపడం గురించి నాకు తెలిసిన యజమానుల్ని అడిగితే ఇవాళ్టికీ ఇంచుమించు ఈ ఇద్దరి గొంతులే వినిపిస్తాయి. ఖర్చులు భరించలేకపోతున్నాం అనేవాళ్లు, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అనేవాళ్లు. తమాషా ఏంటంటే చాలాసార్లు రెండు మాటలూ ఒకే మనిషి అంటాడు, ఒకే టీ కప్పు మీద.

1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకొచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాలో పడింది. ఊరు ఉన్నచోటే ఉంది. చూపు మాత్రం ఎప్పుడూ హైదరాబాద్ వైపే, హైవే మీద వంద కిలోమీటర్లు. నేనూ ఆ దారినే వెళ్లి మాదాపూర్‌లో కోడ్ రాసుకుంటున్నాను.

నా స్కూల్ దోస్తు ఒకడు అక్కడే నలభై మందితో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. హైదరాబాదే ఎందుకురా అంటే వేళ్ల మీద లెక్కపెట్టాడు. మనుషులు దొరుకుతారు, క్లయింట్ దిగితే ఎయిర్‌పోర్ట్ ఉంది, పిల్లల స్కూలు, భార్య ఉద్యోగం. ఆఖర్న నవ్వి, "జహీరాబాద్ అడ్రస్ ఉన్న విజిటింగ్ కార్డు చూస్తే వాళ్లు రేటు తగ్గించి మాట్లాడతరు భయ్," అన్నాడు. అందరికంటే నిజం చెప్పింది ఈ ఆఖరి కారణమే అని నా అనుమానం.

జహీరాబాద్‌లోనే లేత్ మిషన్లు పెట్టుకుని విడిభాగాలు చేసే మా కాక వరసాయన లెక్క వేరు. ఇక్కడ కిరాయి తక్కువ, పనోళ్లు పొద్దున్నే వస్తారు. కానీ వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోతాడు. 2014 చట్టంతో వచ్చిన టీఎస్-ఐపాస్ పుణ్యమా అని అనుమతులన్నీ ఆన్‌లైన్లోనే కదా, మరి ఇంకా ఎందుకు పోవడం అని అడిగాను. "కాయితం కోసం కాదు బిడ్డా. కనబడాలె. కనబడనోడు యాదికి రాడు," అన్నాడు. ఆర్డరిచ్చే మేనేజరు, బాకీ విడుదల చేసే అకౌంట్స్ మనిషి, లోన్ చూసే బ్యాంకు పెద్ద సారు, అందరూ అక్కడే కూర్చుంటారు. పని ఏదైనా ఉన్నప్పుడే పోతే లాభం లేదట, పని లేనప్పుడు పోయి చాయ్ తాగి రావాలట. డీజిలు, హోటలు తిండి, పోయిన రోజు ఆగిపోయిన పని, ఇవేవీ ఆయన ఏ బిల్లులోనూ రాయలేడు. రాజధానికి దూరంగా ఉన్నందుకు కట్టే సుంకం అది. నికితిన్ పాపం లోపలికొచ్చినందుకు కట్టాడు.

ఇదంతా వ్యవహారం, ఇందులో నీతి ప్రశ్న ఎక్కడుంది అంటాడు మా వాడు. కొంతవరకు నిజమే. ఒక్క కంపెనీ హైదరాబాద్‌లో ఉండటం వల్ల ఎవరికీ అన్యాయం జరగదు. కానీ ఆ కారణాలనే ఇంకోసారి చూడండి. మనుషులు అక్కడ దొరుకుతారు. ఎందుకు? జహీరాబాద్, నారాయణఖేడ్, తాండూరు పిల్లలు అక్కడికి పోయారు గనక. వాళ్లెందుకు పోయారు? కంపెనీలు అక్కడున్నాయి గనక. మా భాషలో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. కోడ్‌లో అయితే ఎవరో ఒకరు కూర్చుని విప్పుతారు. ఇక్కడ ఆ పని ఎవరిదీ కాదు.

2014లో దీనికి ఒక పరీక్ష జరిగింది. ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు హైదరాబాద్ పదేళ్లపాటు ఉమ్మడి రాజధాని అన్నారు, 2024 జూన్ 2తో ఆ గడువూ అయిపోయింది. యజమానులకు కావాల్సింది సచివాలయమే అయితే, ఆంధ్ర మూలాలున్న కంపెనీలు మూటాముల్లె సర్దుకుని అమరావతికి బయల్దేరాలి. చాలావరకు కదల్లేదు. అంటే వాళ్లు రాజధాని అన్నప్పుడు ప్రభుత్వాన్ని ఉద్దేశించడం లేదు. దశాబ్దాలుగా అందరి డబ్బుతో, అందరి పిల్లలతో ఒకచోట పోగుపడినదాన్ని ఉద్దేశిస్తున్నారు. నీళ్లతో కూడా. మంజీర మా వైపు నుంచే పారి సింగూరు చేరుతుంది, అక్కణ్నుంచి హైదరాబాద్ కుళాయిల్లోకి పోతుంది. ఆఫీసులో వాటర్ ఫిల్టర్ దగ్గర నిలబడ్డప్పుడు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

మాకు పరిశ్రమలు రాలేదని కాదు. 1980లలోనే ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు ఇక్కడ తయారయ్యాయి, తర్వాత మహీంద్రా వచ్చింది, 2013 నుంచి ట్రాక్టర్ల ప్లాంటు నడుస్తోంది. ట్రాక్టరు జహీరాబాద్‌లో పుడుతుంది, ఏ ట్రాక్టరు పుట్టాలన్నది ముంబైలో తేలుతుంది. చేతులు ఇక్కడ, తలకాయ అక్కడ. అయినా ఆ జీతాలతో ఎన్ని ఇళ్లు లేచాయో చూసినవాణ్ని, చిన్నచూపు చూడలేను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది నిమ్జ్. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో దాదాపు 12,600 ఎకరాల పారిశ్రామిక మండలి, 2016లో కేంద్రం ఆమోదం. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. భూమిని జీవో 123 కింద రైతుల దగ్గర నేరుగా కొన్నారు. అప్పుడు హైకోర్టుకు వెళ్లినవాళ్లలో భూమి లేని వ్యవసాయ కూలీలున్నారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: పట్టా ఉన్నాయనకు ధర ముట్టింది, ఆ చేలల్లో పని చేసుకుని బతికిన మాకేది? 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. తర్వాత అప్పీలు, కూలీలకు కొంత ఇస్తామంటూ కొత్త జీవోలు, అదొక పెద్ద కథ.

ఆ కూలీల ప్రశ్న నాకు చాలా దూరం పోతుందనిపిస్తుంది. కాయితం మీద హక్కు లేకపోయినా ఒక చోటు మీద బతుకు ఆధారపడి ఉండొచ్చు. అట్లాగే ఒక ఊరు తన పిల్లల్ని చదివించి పంపిస్తుంది. వాళ్ల మీద ఊరికి పట్టా లేదు, ఉండకూడదు కూడా. వాళ్లు ఎక్కడికైనా పోవచ్చు, నేను పోలేదా? కానీ పట్టా లేదు గనక ఏ బాకీ లేదు అనడం కుదరదు. ఐరిస్ మారియన్ యంగ్ అనే రాజనీతి తత్వవేత్త ఇలాంటి చోట నేరాన్నీ బాధ్యతనూ వేరు చేసింది. ఏ ఒక్కరూ తప్పు చేయకుండానే అన్యాయం తయారవుతుంది, అందులో పాలుపంచుకున్నవాళ్లందరికీ ముందుకు చూసే బాధ్యత ఉంటుంది, ఎవరి శక్తిని బట్టి వాళ్లకి అంటుంది. శక్తిని బట్టి అన్నది ముఖ్యం. జోహో శ్రీధర్ వెంబు తెన్‌కాశి పక్కన పల్లెలో కూర్చున్నాడని మన స్టార్టప్ సభల్లో తెగ చెబుతారు. మంచిదే. కానీ కంపెనీ నిలబడ్డాక పల్లెకు పోవడం వేరు, నిలబడక ముందు పోవడం వేరు. రేటు తగ్గించి మాట్లాడతారని భయపడే మా దోస్తును ఆ తూకంతో తూచలేం. మరి పెద్దవాళ్లను?

2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ఒక మాట అంటుంది: ఏడాదికి అయిదు కోట్ల లాభం దాటిన కంపెనీలు సామాజిక బాధ్యత కింద సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. స్థానికం అంటే ఏది? మాదాపూర్ కంపెనీ మాదాపూర్ చుట్టుపక్కల బడికే బెంచీలు కొనిస్తే చట్టం సంతోషిస్తుంది. ఉద్యోగులు ఎక్కణ్నుంచి వచ్చారో, నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చట్టం అడగదు. యజమాని అడుక్కోవచ్చు, అడ్డం లేదు.

మొన్న ఇదంతా చెబితే మా వాడు విసుక్కున్నాడు. "అయితే ఏమంటవ్, ఆఫీస్ జహీరాబాద్‌కు తీసుకపోవాల్నా?" వద్దన్నాను. నలభై మందిలో ఎంతమంది ఏ ఊళ్ల నుంచి వచ్చారో రాసిచ్చి, టెస్టింగ్ టీములో ఎనిమిది మంది రోజూ ఆఫీసుకొచ్చి చేసే పనిలో అక్కడే కూర్చుంటే తప్ప కానిదేమిటో చెప్పమన్నాను. ఆలోచించి, "వాళ్లు కళ్లముందు లేకపోతే నాకు ధైర్యం ఉండదు," అన్నాడు. మా కాక మాటే, అటువైపు నుంచి. ఊళ్ల లిస్టు మాత్రం పంపించాడు. పదకొండు మంది సంగారెడ్డి జిల్లావాళ్లు. అందులో ముగ్గురిది జహీరాబాదని అతనికీ అప్పటిదాకా తెలియదట.