తెలిసియు చెప్పనిది

యంత్రమునకు మనస్సు లేదు గనుక అది అబద్ధమాడజాలదని సామాన్యముగా అనుకొందుము. గడియారము తప్పు చూపవచ్చును గాని మోసగింపదు. త్రాసు అరిగిపోవచ్చును గాని పక్షపాతము వహింపదు. మోసమున్నచో అది త్రాసు పట్టిన చేతిలోనే ఉండును. ఈ భావము చాలవరకు నిజమే. కాని అబద్ధమాడుట వేరు, తెలిసినదానిని చెప్పకుండుట వేరు. ఈ రెండవ దోషము యంత్రమునకు అంటునా, అంటినచో ఆ బాధ్యత ఎవరిది, అని విచారించుటకు మన కాలము ఒక చక్కని ఉదాహరణమును చేతికిచ్చినది. అది అరచేతిలో ఇమిడెడు జీపీయస్ పరికరము.

ఈ పరికరమును పట్టుకొన్నవాడు తానున్న చోటును చూచుచున్నానని భావించును. నిజమునకు అతడు చూచుట లేదు, వినుచున్నాడు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న అమెరికా ఉపగ్రహములు ఒక్కొక్కటి తన స్థానమును, తన పరమాణు గడియారము చూపు కాలమును ఎడతెగక చాటుచుండును. పరికరము కనీసము నాలుగింటి మాట విని, అవి తనను చేరుటకు పట్టిన కాలమును దూరముగా మార్చి, తన అక్షాంశ రేఖాంశములను, ఎత్తును, వానితోపాటు తన గడియారపు తప్పును గూడ లెక్కగట్టుకొనును. సెకనులో పదిలక్షవ వంతు కాలమున రేడియో తరంగము 300 మీటర్లు పోవును. అనగా కాలములో కంటికి ఆనని తేడా నేలమీద ఒకరి పొలము నుండి మరొకరి పొలములోనికి పోయినంత తేడా అగును. ఇట్టి సూక్ష్మమైన లెక్క చేయవలసిన ఈ చిన్న యంత్రములో ఉన్నది పరమాణు గడియారము కాదు. చవుకైన స్ఫటికపు తునక. అది ఎండకు ఒక తీరున, చలికి ఒక తీరున నడచును.

విశేషమేమనగా, తన బలహీనత ఆ పరికరమునకు తెలియును. కొన్ని పరికరములలో ఫలానా మీటను నొక్కిపట్టి యంత్రమును మేల్కొల్పినచో, కొన్నవానికిచ్చిన పుస్తకములో ప్రస్తావనయైనను లేని ఒక పుట తెరపై ప్రత్యక్షమగును. బ్యాటరీ వోల్టేజి ఎంత, లోపలి ఉష్ణోగ్రత ఎంత, స్ఫటికపు గడియారము ఏ మేరకు జారుచున్నది, ఏ మీట పని చేయుచున్నది, తెరలో ఏ చుక్క వెలుగుట మానినది, ఇట్టివి అందు కనబడును. కర్మాగారములో పరీక్షించువారికొరకు, మరమ్మతు చేయువారికొరకు ఏర్పరచిన పుట అది. వస్తువు దుకాణమునకు చేరిన తరువాత గూడ అది లోపలనే ఉండిపోయినది. తలుపు మాత్రము చెప్పక వదలిరి. కుతూహలపరులు కొందరు ఆ తలుపును కనుగొని ఒకరికొకరు చెప్పుకొనుచు వచ్చిరి.

ఇది తప్పా? తొందరపడి తీర్పు చెప్పరాదు. తయారుచేయువాని పక్షమున గట్టి వాదములే కలవు. ఆ పుటలో తెలియక ఒక మీట నొక్కినచో దాచుకొన్న గుర్తులన్నియు చెరిగిపోవు ప్రమాదము కలదు. అర్థము తెలియని అంకె మేలుకంటె కీడే ఎక్కువ చేయును. పడవ నడుపువానికి కావలసినది రేవు ఎటున్నదో గాని స్ఫటికము ఎంత జారినదో కాదు. వైద్యుడు నాడి పట్టినప్పుడు తనకు తోచిన ప్రతి సందేహమును రోగితో చెప్పుచున్నాడా? ప్రతి వృత్తికిని ఒక వంటయిల్లు ఉండును. అతిథిని అందులోనికి పిలువకపోవుట మర్యాదకు లోపము కాదు.

ఈ వాదమును తూచుటకు ముందు, దాచుటలో భేదములు కలవని గ్రహింపవలెను. ఈ వ్యవస్థ చరిత్రలోనే అందుకు నిదర్శనము ఉన్నది. 1983 సెప్టెంబరు 1వ తేదీన దారి తప్పి సోవియట్ గగనతలములో ప్రవేశించిన కొరియా ప్రయాణికుల విమానమొకటి కూల్చివేయబడి 269 మంది మరణించిరి. ఆ పిమ్మట అధ్యక్షుడు రీగన్ జీపీయస్‌ను సామాన్య పౌరులకు గూడ అందుబాటులోనికి తెత్తుమని ప్రకటించెను. కాని ఇచ్చినది పూర్తిగా ఇచ్చినది కాదు. సైన్యమునకు సరియైన సంకేతము, పౌరులకు బుద్ధిపూర్వకముగా చెడగొట్టిన సంకేతము పంపసాగిరి. దానివలన స్థానము సుమారు 100 మీటర్ల వరకు తప్పుచుండెడిది. 2000 మే 1వ తేదీ రాత్రి అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞచేత ఆ పద్ధతి నిలిచిపోయినది. ఇకపై కొనెడు ఉపగ్రహములలో ఆ ఏర్పాటే ఉండబోదని 2007లో ప్రకటించిరి.

పైకి చూచినచో ఇంతకంటె పెద్ద మోసము లేదు. ఐనను ఇందొక విచిత్రము కలదు. ఆ అసత్యము బహిరంగమైన అసత్యము. సంకేతములో తప్పు కలిపియున్నారని, అది ఇంత మేరకని అందరును ఎరుగుదురు. ఎరిగినవారు గనుకనే, స్థానము ముందే తెలిసిన చోట ఒక పరికరమును నిలిపి, దానికి వచ్చు తప్పును కొలిచి, దగ్గరలోని ఇతర పరికరముల తప్పును దిద్దు ఉపాయమును ఉపయోగించిరి. తాను తప్పు చెప్పుదునని ముందే హెచ్చరించినవానితో వ్యవహరింపవచ్చును. మేలుకోరియే తన సందేహమును మ్రింగి, నిశ్చయముగా ఒకే చుక్కను చూపువానితో వ్యవహరించుట అంతకంటె కష్టము. మొదటివాడు మనలను జాగరూకులను చేయును, రెండవవాడు నిద్రపుచ్చును.

ఈ ప్రశ్న మన దర్శనములకు క్రొత్తది కాదు. జ్ఞానము యొక్క ప్రామాణ్యము స్వతస్సిద్ధమా, పరతస్సిద్ధమా అని మీమాంసకులును నైయాయికులును శతాబ్దముల తరబడి వాదించిరి. కుమారిలభట్టు మతమున, కలిగిన జ్ఞానమును దానికి బాధకము ఎదురగు వరకు, లేదా దాని కారణమున దోషము బయటపడు వరకు ప్రమాణముగానే గ్రహింపవలెను. నైయాయికుల మతమున, అది ప్రమాణమని తెలియుటకు వేరొక ఆధారము కావలెను. నీరని తోచిన చోటికి పోయి దప్పి తీర్చుకొన్నప్పుడే అది ఎండమావి కాదని నిశ్చయము. పరికరము చేతబట్టిన బాటసారి మీమాంసకుడు. దానిని విప్పి చూచు మరమ్మతుదారుడు నైయాయికుడు. బాటసారిని తప్పుపట్టరాదు. అడుగడుగునకు పరీక్షించువాడు ఊరు చేరలేడు. కాని మీమాంసకుని నమ్మకమునకు ఒక నియమమున్నది: కారణమున దోషము కలిగినచో అది తెలియవచ్చు దారి తెరచి ఉండవలెను. ఆ దారిని మూసివేసినచో మిగులునది స్వతఃప్రామాణ్యము కాదు, గుడ్డినమ్మకము. ఆప్తునకు వాత్స్యాయనుడు చెప్పిన లక్షణములలో విషయమును స్వయముగా ఎరిగియుండుట ఒకటి. ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరుట మరొకటి. పరికరమున మొదటి లక్షణము నిండుగా ఉన్నది. రెండవదానిని తయారుచేసినవాడు తన యొద్ద ఉంచుకొనెను.

రెండు శతాబ్దముల క్రిందటి కొలతగాండ్రు ఈ విషయమున వేరొక మర్యాదను పాటించిరి. 1802లో లాంబ్టన్ చెన్నపట్నమున సెయింట్ థామస్ కొండ దగ్గర ఏడు మైళ్లకు పైబడిన ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచి, ఉపఖండమునంతను కొలువబోవు మహాకార్యమునకు పునాది వేసెను. ఎండకు ఉక్కు సాగును. అందుచేత గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, వాని ప్రక్కన ఉష్ణమాపకములనుంచి, కొలిచినప్పుడెల్ల వేడిమిని వ్రాసికొని దూరమును సవరించెను. అంతటితో ఆగక, త్రిభుజములవెంట బెంగళూరు దాక సాగి, అక్కడ మరల నేలమీద మరియొక రేఖను కొలిచి, లెక్కకును కొలతకును ఎంత భేదమో పరీక్షించెను. భేదము కొద్ది అంగుళములు మాత్రమే. ఆ కొద్ది అంగుళములను అతడు దాచలేదు, లోకమునకు ప్రకటించెను. అతని పుస్తకమున బహిరంగముగా ఉన్న ఉష్ణోగ్రతయే నేటి పరికరమున రహస్యపు పుటలో ఉన్న ఉష్ణోగ్రత. అక్కడ ఉక్కు, ఇక్కడ స్ఫటికము. భౌతికధర్మము దాదాపు ఒక్కటే. మారినది మర్యాద.

ఇది పండితుల వినోదమని తోచవచ్చును. కాని ఈ ఉపఖండమున సముద్రముమీద గీచిన సరిహద్దులు కలవు. అక్కడ రాయి లేదు, కంచె లేదు. శ్రీకాకుళము, విజయనగరము తీరముల నుండి కూలికై గుజరాతు వెరావల్ రేవునకు పోయిన జాలరులు 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కి, ఏడాదికి పైగా చెరలో ఉండి, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరిరి. ఆనాడు ఏ యంత్రము ఏమి చెప్పినదన్నది ఇచ్చటి విచారము కాదు. అట్టి నీటిమీద తెరపైని అంకె వట్టి అంకె కాదు. ఒక కుటుంబపు అన్నము, ఒక మనుష్యుని స్వేచ్ఛ దానిమీద ఆధారపడియుండును. సాక్షి తడబడుచున్నప్పుడు ఆ తడబాటును న్యాయాధిపతి ఎరుగవలెను గదా! ఇచ్చట తీర్పు చెప్పుకొని పడవ త్రిప్పవలసినవాడు జాలరియే.

కావున వంటయింటి ఉపమానము కొంతవరకే చెల్లును. ఏ మీట అరిగినది, ఏ చుక్క ఆరినది అనునవి వృత్తి రహస్యములుగా లోపల ఉండవచ్చును; వానివలన ఎవరి ప్రాణమునకు హాని లేదు. కాని తాను చెప్పుచున్నదానిని ఎంతవరకు నమ్మవచ్చునో అన్నది వంటయింటి విషయము కాదు, విస్తరిలో వడ్డించిన అన్నము సంగతి. కొన్ని పరికరములు తప్పు ఇన్ని మీటర్లలోపల ఉండునని ఒక అంకెను చూపుచున్నవి, అది మంచిదే. కాని ఆ అంకె పదింట ఎన్నిసార్లు నిజమగునో తెరపై చెప్పనిచో, అది సందేహమునకు తొడిగిన మరియొక నిశ్చయపు ముసుగు మాత్రమే. వైద్యుని ఉపమానమును గూడ ఇట్లే సవరింపవలెను. అడుగని రోగికి అన్నియు చెప్పకపోవచ్చును. అడిగినవానికి లేదనుట, అడుగుటకు దారియే లేకుండ చేయుట వైద్యధర్మము కాదు.

హిందీలో భేద్ అను మాటకు రెండర్థములు: తేడా అనియు, రహస్యమనియు. తెలుగున మనకు మొదటిదే వాడుకలో మిగిలినది. అనువాదము చేయునప్పుడు ఈ మాట దగ్గర కలము నిలిచిపోవును. రెండింటిలో ఒకదానిని విడువవలసి వచ్చును. జీవితములో మాత్రము వానిని విడదీయుట సులభము కాదు. ఎక్కడ రహస్యము పుట్టునో అక్కడ తెలిసినవాడు, తెలియనివాడు అను తేడా పుట్టును. తెలియనివాడు వెల చెల్లించి కొన్న వస్తువునకు సైతము సగము యజమానియే అగును.

తయారీదారునకు విధింపదగిన ధర్మము పెద్దది కాదు. ఆ పుటను అందరి కన్నుల యెదుట పరువనక్కరలేదు. పుస్తకమున ఒక అధ్యాయము చేర్చి, తలుపు ఇచ్చటనున్నది, లోపల ఈ ప్రమాదములున్నవి, ఈ అంకెలకు ఈ అర్థమని వ్రాసిన చాలును. కొన్నవానికిని ఒక ధర్మము కలదు. తెలిసికొను హక్కు కోరువాడు నేర్చుకొను శ్రమకు వెనుదీయరాదు. దారి తెరచినను చదువనివాడు తన అజ్ఞానమునకు తానే కర్త. దారి మూసినచో ఆ అజ్ఞానములో మూసినవానికిని పాలు ఉండును.